నర్సమ్మ నెమ్మదిగా అడిగితే



మిరపకు, పత్తికి మందు కొట్టే రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒక భయం ఉంటుంది. మందు కొట్టి వచ్చిన మనిషికి ఒళ్ళంతా చెమటలు పడతాయి. నోట్లో చొంగ కారుతుంది. కళ్ళు మసకలు కమ్ముతాయి. ఇంట్లోవాళ్ళు ఆటోలో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెడతారు.

అక్కడ నర్సమ్మ అడుగుతుంది. "ఏం మందు? ఎప్పుడు కొట్టాడు?"

కసురుకుంటూ అడిగిందనుకోండి. ఇల్లాలు బెదిరిపోతుంది. "ఏమో తల్లీ, నాకు తెలియదు" అంటుంది. మందు మింగితే ఆ సంగతి దాచేవాళ్ళూ ఉన్నారు. పోలీసు కేసని భయం. 2017లో వచ్చిన చట్టం అలాంటి మనిషిని శిక్షించమనలేదు, ఆదుకోమంది.

అదే నర్సమ్మ దగ్గరికొచ్చి, "భయపడకమ్మా, డబ్బా మీద పేరు చూశావా?" అంటే నిజం బయటికొస్తుంది. అన్ని పురుగుమందులకూ ఒకటే విరుగుడు లేదు. కొన్నిటికి అట్రోపిన్ సూది పనిచేస్తుంది. కొన్నిటికి విరుగుడే లేదు. పేరు తెలిస్తే డాక్టరు తడుముకోనక్కర లేదు. డబ్బా వెంట తీసుకెళ్ళండి. ఇప్పుడు మీకు చదువొచ్చు కదా, ఆ పేరు మీరే చదివి చెప్పొచ్చు.

ఇంటికొచ్చాక రోగులు ఏం చెప్పుకుంటారు? పిలిస్తే పలికిందా, సూది ఎందుకో చెప్పిందా, కాన్పుగదిలో తెర అడ్డం పెట్టిందా అని. తిట్లు తిన్న మనిషి నయం కాకముందే ఇల్లు చేరుతుంది. మళ్ళీ కాన్పుకు ఆలస్యంగా వస్తుంది. ప్రాణం మీదికొచ్చేది అప్పుడే.

గుంటూరుకు ఇది కొత్త సంగతి కాదు. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఆడవాళ్ళు సిగ్గుపడే కాలం అది. 1898లో ఆమె ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. అక్కడి వైద్యానికి సంతోషించి ఏలూరు రాజా భుజంగరావు ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చినవాళ్ళు ఉండటానికి!

నర్సమ్మ కష్టమూ చూడాలి. పెద్దాసుపత్రి లాంటి చోట ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట వార్డులో మంచాలు లెక్కబెట్టండి. నర్సులనూ లెక్కబెట్టండి. ఆ కసురు ఎక్కణ్ణుంచి వస్తుందో సగం తెలుస్తుంది. మిగతా సగానికి సాకు లేదు.

2016లో కేంద్ర ప్రభుత్వం "మేరా అస్పతాల్" పెట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోగిని ఫోనులో అడుగుతారు, బాగా చూశారా అని. నచ్చకపోతే ఎందుకో అడుగుతారు. సిబ్బంది తీరు బాగోలేదా, శుభ్రం లేదా, ఖర్చయిందా? ఆ ఫోను మీకొస్తే పెట్టేయకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. మంచిగా చూసిన నర్సమ్మ సంగతి కూడా.