కిటికీ అవతలి శరత్తు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు వాచకాలలో శరదృతువు వర్ణన తరతరాలుగా ఒకే తీరున సాగుతూ వస్తున్నది. వానలు వెనుదిరుగుతాయి. ఆకాశం నిర్మలమవుతుంది. ఏటి ఒడ్డున రెల్లు పూస్తుంది, చెరువులో నీరు తేరుకుంటుంది, వెన్నెల పిండి ఆరబోసినట్లు కాస్తుంది. ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరత్తు అని పిల్లలు ఋతువుల పట్టికలో కంఠస్థం చేస్తారు. అక్టోబరు తుపానుల మాట అటుంచితే, గోదావరి గట్టున పెరిగే బాలునికి ఈ వర్ణన చాలవరకు కంటికి కనిపించేదే. చెన్నై నగరంలో తెలుగు బడికి వచ్చే బాలునికి మాత్రం అసలు వానకాలం మొదలయ్యేదే అప్పుడు. ఈ నగరంలో ఏడాది పొడుగునా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. వాచకం తెరిస్తే వెన్నెల, తలయెత్తి కిటికీలోంచి చూస్తే జడివాన.

ఈ తేడా ఎంత చిన్నదో అంత పెద్దదని తెలియజేసిన సంగతి ఒకటి ఈ పాఠశాల మూడవ తరగతిలో జరిగింది. కరోనా మూసివేత అనంతరం తమిళనాట ప్రాథమిక తరగతులు 2021 నవంబరు 1న తిరిగి తెరుచుకున్నాయి. వారం తిరగకముందే, నవంబరు 6 రాత్రి నుండి కురిసిన కుంభవృష్టికి నగరంలో అనేక వీధులు నీట మునిగాయి. ఆ నెలాఖరున పెట్టిన చిన్న పరీక్షలో "శరదృతువును గూర్చి రెండు వాక్యములు వ్రాయుము" అన్న ప్రశ్న వచ్చింది. ఒక పిల్లవాడు ఇలా వ్రాశాడు: "శరత్తులో మా వీధిలో నీళ్ళు నిలుస్తాయి. బడికి లీవు ఇస్తారు." ఉపాధ్యాయురాలు "లీవు" అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన మార్కుగా మరొక సున్న వేసింది.

మరునాడు ఆ పిల్లవాని తల్లి వచ్చింది. బట్టలు కుట్టి సంసారం ఈదుకొస్తున్న ఇల్లాలు. కోపంగా రాలేదు. జవాబు పత్రం చేతికిచ్చి, "టీచరమ్మా, వీడు రాసిందాంట్లో అబద్ధం ఏముందో కాస్త చెప్పండమ్మా, ఇంట్లో నేను దిద్దుకుంటాను" అని అడిగింది. మోకాలి లోతు నీళ్ళలో పిల్లవాణ్ణి చంకనెత్తుకుని ఎదురింటి మేడ మీదికి చేర్చిన తల్లి ఆమె. ఉపాధ్యాయురాలి వద్ద జవాబు లేకపోయింది. పత్రాన్ని ఆ రాత్రికి తన దగ్గరే ఉంచుకుని, మరునాడు సున్న కొట్టివేసి మార్కులు వేసింది. "లీవు" కింద "సెలవు" అని మాత్రం వ్రాసింది. అంతవరకు దిద్దడం న్యాయమే.

వాచకం తప్పు చెప్పలేదు, పిల్లవాడూ తప్పు వ్రాయలేదు. నైరుతి ఋతుపవనాలు కొండలు దాటి వచ్చేసరికి పడమటి కనుమల తూర్పు వైపున మిగిలే తేమ తక్కువ. సెప్టెంబరు దాటాక గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుండి వీచే గాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ నీటిని మోసుకువచ్చి ఈ తీరాన కుమ్మరిస్తుంది. ఇది తమిళనాటికే పరిమితమైన విషయం కాదు. నెల్లూరు, సూళ్ళూరుపేట పిల్లలకు కూడా శరత్తు వానకాలమే. వర్ణన చదివించడం మానవలసిన పని లేదు. వర్ణించిన వారు ఎక్కడ నిలబడి చూశారో పిల్లలకు చెప్పవలసి ఉంటుంది. ఆ ఒక్క మాట చెప్పనందువలన, తొమ్మిదేళ్ళ పిల్లవానికి తెలుగు అంటే తాను చూసినదాన్ని వ్రాయకూడని భాష అయి కూర్చుంటుంది. అటువంటి భాషను ఏ పిల్లవాడు మాత్రం ఇంటికి తీసుకువెళతాడు?

మరుసటి ఏడు, అంటే 2022లో, అదే ఉపాధ్యాయురాలు శరత్తును పాఠంగా చెప్పక ముందు పనిగా చెప్పింది. సెప్టెంబరు 26, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు ప్రతి బిడ్డ చేతికి గడులు గీసిన ఒక కాగితం ఇచ్చారు. రోజూ సాయంత్రం మేడ మీదికో వీధిలోకో వచ్చి, చంద్రుడు కనిపించిన ఆకారాన్ని ఆనాటి గడిలో గీయాలి. కనిపించకపోతే ఎందుకు కనిపించలేదో వ్రాయాలి. మొదటి గడి దాదాపు అందరికీ ఖాళీయే. దసరా సెలవులలో ఇంటి వద్దనే గీసుకున్న ఆ బొమ్మలలో నెలవంక పెరిగి, విజయదశమి నాటికి నిండుకు దగ్గరయింది. పండుగ పది రోజులనడంలోని లెక్క, దశమి అన్న మాటకు అర్థం, ఎవరూ చెప్పకుండానే తెలిసివచ్చాయి. విజయదశమి నుండి దీపావళికి ఎన్ని రోజులని లెక్కపెడితే అక్టోబరు 5 నుండి 24 వరకు పందొమ్మిది వచ్చాయి. అంతకు ముందటి ఏడు పండుగ అక్టోబరు 15న వచ్చిందని ఒక అమ్మాయి పాత క్యాలెండరు తెచ్చి చూపింది. పండుగ వెనక్కు ఎందుకు జరిగిందన్న ప్రశ్న పుట్టింది. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే, ఆ కొరత తీర్చడానికే అధికమాసం అని చెప్పినప్పుడు తరగతిలో శ్రద్ధగా విననివారు లేరు. పిల్లలు అడిగిన తరువాత చెప్పిన జవాబుకు ఆ బలం ఉంటుంది.

ఆ ఏటి శరత్తు ఉపాధ్యాయులకు వరం వంటిది. దీపావళి మరునాడు, అక్టోబరు 25 సాయంత్రం, పాక్షిక సూర్యగ్రహణం. కార్తిక పౌర్ణమి నాడు, నవంబరు 8న, చంద్రగ్రహణం. చెన్నైలో చంద్రుడు ఉదయించే వేళకే అది విడుస్తూ ఉన్నది. సూర్యగ్రహణం అమావాస్యకే, చంద్రగ్రహణం పౌర్ణమికే ఎందుకు వస్తుందో వివరించడానికి అంతకు మించిన ఉపకరణం ఏ దుకాణంలోనూ దొరకదు. పౌర్ణమినాటి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండటం వలన కార్తికమనీ, అశ్విని దగ్గర ఉండటం వలన ఆశ్వయుజమనీ పేర్లు వచ్చాయని చెప్పి, కృత్తికలను పల్లెటూళ్ళలో పిల్లలకోడి అంటారని చెబితే, ఆ పేరు ఇంటి దగ్గర అమ్మమ్మ నోట విన్నామన్న పిల్లలు ఇద్దరు బయలుదేరారు.

ఇక్కడి పిల్లలకు దొరికే మరొక సంపద ఉన్నది. ఇంటి పంచాంగంలో ఆశ్వయుజం, కార్తికం. వీధిలో పురట్టాసి, ఐప్పసి, కార్తిగై. తెలుగు నెల అమావాస్య మరునాటి నుండి లెక్కకు వస్తుంది. తమిళ నెల సూర్యుడు రాశి మారడంతో మొదలవుతుంది. అందుచేత ఐప్పసి ఏటా అక్టోబరు 17, 18 తేదీల ప్రాంతాననే వస్తుంది. తిరువణ్ణామలై కార్తిగై దీపం, తెలుగు కార్తిక పౌర్ణమి 2021లో ఇంచుమించు కలిసి వచ్చాయి. 2022లో మన పౌర్ణమి నవంబరు 8న, అక్కడి దీపం డిసెంబరు 6న. దీపావళికి పొరుగువారు నరక చతుర్దశి తెల్లవారుజామున తలంటుకుని టపాసులు కాలుస్తారు; తెలుగు ఇళ్ళలో అమావాస్య సాయంత్రం దీపాలు పెడతారు. తిథి కుదిరిన ఏట రెండూ ఒకే రోజు, లేని ఏట పిల్లలకు రెండు పండుగలు. 2006 నాటి చట్టంతో 2006-07 విద్యా సంవత్సరం నుండి ఒకటవ తరగతితో మొదలై తమిళం ఇక్కడి బడులలో తప్పనిసరి అయినప్పుడు, చిన్న చేతులకు మూడు లిపులా అని దిగులుపడిన వారున్నారు. ఆ దిగులు అకారణం కాదు. అయితే రెండు పంచాంగాలను పక్కపక్కన పెట్టి చదవగల బిడ్డకు ఒక్కటే తెలిసిన బిడ్డకంటె ఎక్కువే తెలుసు.

బొమ్మల కొలువు సంగతి. ఆంధ్రదేశంలో కొన్ని ప్రాంతాలలో కొలువు దసరాకు, మరికొన్నింట సంక్రాంతికి; చెన్నై తెలుగు ఇళ్ళు ఎక్కువగా ఇక్కడి వాడుకనే అనుసరించి నవరాత్రులకు పెడతాయి. తరగతి కొలువుకు ఒకటే నియమం: ఏదీ కొని తేరాదు. ఈ నియమం వెనుక ఒక పాత అనుభవం ఉన్నది. పూర్వం వీథిబడి పిల్లలు దసరాకు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ అయ్యవారితో ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లలకు పప్పు బెల్లాలు, పంతులుకు రూకలు. ఆ ముచ్చటను పెద్దలు నేటికీ మురిపెంగా తలచుకుంటారు. జీతం చాలని ఉపాధ్యాయుడు ఏడాదికొకసారి చేయి చాచిన వైనం, ఇవ్వలేని గడప ముందు ఆ ఇంటి బిడ్డ తల దించుకున్న వైనం ఆ తలపులలోకి రావు. తరగతిలో జరిగే పండుగలో ఏ బిడ్డా తన ఇంటి లేమిని మోసుకుని నిలబడకూడదు. అందుకే అగ్గిపెట్టెల బండి, మట్టి ఏనుగు, గుడ్డ బొమ్మ, అన్నీ ఒకే మెట్ల మీదికి ఎక్కుతాయి. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల బిడ్డలు కూడా తమ బొమ్మలు తెచ్చి పెడతారు. ఒకరి ఇంటి ఏటికొప్పాక లక్కపిడతలు, మరొకరి మేనత్త పంపిన చన్నపట్న బొమ్మ పక్కపక్కన కూర్చున్నాయి. రెండూ అంకుడు కర్రతో చేసినవేనని తెలిసినప్పుడు పిల్లలు వాటిని తిరగేసి తిరగేసి చూశారు. శనగలను నానబెట్టక ముందొకసారి, నానిన తరువాత ఒకసారి తూచి, ఆపైన తాలింపు వేసుకుని తిన్నారు. పిల్లలు దాన్ని సుండల్ అన్నారు, ఉపాధ్యాయురాలు గుగ్గిళ్ళు అన్నది. పలక మీద రెండు మాటలూ వ్రాశారు. ఏదీ కొట్టివేయలేదు.

తెలుగు చదివితే ఏమి వస్తుందని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు; అడగడంలో తప్పు లేదు. పక్క వీధిలో ఆంగ్ల మాధ్యమ పాఠశాల ఉన్నది, దానికి బస్సు ఉన్నది. ఆ ప్రశ్నకు ఈ సభలో వాదంతో జవాబు చెప్పడం కంటె, ఇంట్లో జరగవలసిన చిన్న పనిని కోరడమే మేలు. చంద్రుణ్ణి గీసే నెలలో సాయంత్రం ఐదు నిమిషాలు బిడ్డతో కూడా మేడ మీదికి వెళ్ళండి. అమ్మమ్మ, తాతయ్య ఉన్న ఇంట వారినే పంపండి. బిడ్డ ఏ మాటతో చెప్పినా ముందు విని, ఆ తరువాత దిద్దండి.

2022 నాటి కాగితాలు మూడవ తరగతి గది గోడపై అంటించి ఉన్నాయి. ఆశ్వయుజంలో చంద్రుడు చక్కగా పెరిగాడు. ఆ ఏట ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరు 29న ప్రవేశించాయి; కార్తికపు గడులలో చాలావాటిలో చంద్రుని బదులు "వాన" అని, "మబ్బు" అని ఉంటుంది. ఒక గడిలో "మళై" అని తమిళంలో ఉన్నది. సభానంతరం మెట్లెక్కి ఎడమవైపు రెండవ గదికి వెళితే చూడవచ్చు. తలుపు తెరిచే ఉంటుంది.