నాటుగుడ్డు వెల యెంత?

ఉదయము ఎనిమిది గంటలు కాకమునుపే మా వీధిలోనికి ఒక ముసలమ్మ చిన్న గంపతో వచ్చుచుండును. గంపలో ఊక పోసి, ఆ ఊకలో పది పదిహేను నాటుకోడి గుడ్లు అమర్చుకొని తెచ్చును. “ఎంతకిస్తావమ్మా?” అని అడిగినచో ఆమె ధర చెప్పదు. “మీకు తెలియనిదా తల్లీ, తోచింది ఇవ్వండి” అనును. కొనువారికి తోచునది ఎప్పుడును ఒక్కటే. “కొట్లో ఆరు రూపాయలకే గుడ్డు దొరుకుతున్నది, నీదింకా చిన్నది” అందురు. చివరకు ఏడు రూపాయలకు బేరము కుదురును. మేమును పలుమారులు ఆ విధముగనే కొంటిమి. పెరటిలో మేమే కోళ్ళను పెంచ మొదలుపెట్టిన తరువాతగాని ఆ ఏడు రూపాయలు న్యాయమా, కాదా అను ప్రశ్న మాకు తట్టలేదు.

మొదట ఆ ఆరు రూపాయల సంగతి చూతము. అది ఫారము గుడ్డు ధర. ఒకప్పుడు ఆ ధరను కూడ పెంచువారు గాక దళారులే నిర్ణయించుచుండిరి. తమ గుడ్డుకు తామే ధర చెప్పుకొనవలెనని కోళ్ళఫారముల రైతులను కూడగట్టుటకు డాక్టరు బి.వి. రావుగారు ఊరూర తిరిగిరి. ఆ కృషి ఫలితముగ 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘము ఏర్పడినది. నేడు ప్రాంతములవారీగ గుడ్డు ధర ప్రకటించునది ఆ సంఘమే. ఆ ధర వెనుక ఒక లెక్క ఉన్నది. ఫారములోని తెల్లకోడి దినమునకు సుమారు 110 గ్రాముల దాణా తిని, ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టును. ఖర్చులో పెద్దపాలు దాణాదే గనుక, మొక్కజొన్న, సోయా ధరలు పెరిగినచో రైతు ఉలికిపడును.

మన పెరటి పెట్ట అట్టిది కాదు. అది ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టును. ఒక వరుసలో పదిహేను గుడ్లు పెట్టి, పొదుగుడుకు కూర్చుండును. పొదుగుట ముగిసినను, పిల్లలు తమంత తాము మేసికొనువరకు మరల గుడ్డు మాట తలపెట్టదు. దాని గుడ్డు 40 గ్రాములకు అటునిటుగ తూగును. ఫారము గుడ్డు 50 గ్రాములు దాటును. కావున చిన్నదని కొనువారు అనుమాట అబద్ధము కాదు.

“నాటుకోడికి ఖర్చేమున్నది, దానంతట అది తిరిగి తినునుగదా” అని అందరును అందురు. మేమును అట్లే అనుకొంటిమి. అది పురుగును, గడ్డిని, చెదలను, రాలిన గింజను ఏరుకొని తినుట నిజమే. అయినను ఉదయసాయంకాలములు గుప్పెడు నూకలు చల్లనిదే సాయంత్రము గూటికి రాదు. తలకు దినమునకు 30 గ్రాములనుకొందము. ఆ పెట్ట గుడ్డు పెట్టునది సగటున ఆరు దినములకొకటి. అనగా ఒక్క గుడ్డుకు 180 గ్రాముల నూకలు! ఫారము కోడి తన గుడ్డుకు తినునది ఇంతకంటె తక్కువే. ఈ లెక్క వేసిననాడు మా ఇంటిలో ఎవ్వరును చాలసేపు నమ్మలేదు. రెండవసారి వేసి చూచితిమి.

మా మందలో ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. ఒక ఏడాదిపాటు గోడకు వ్రేలాడు కాలెండరు మీదనే లెక్క వ్రాసితిమి. గుడ్లు మొత్తము 480. పగిలినవి, కాకులు తన్నుకొనిపోయినవి, గడ్డివాములో మేము కనుగొనకముందే మురిగినవి పోగా 450 మిగిలినవి. నూకలు నూరు కిలోలు. కిలో 25 రూపాయల చొప్పున 2,500 రూపాయలు. టీకాలు, మందులు, గూటి మరమ్మతు 300. ఇంతవరకు చూచినచో గుడ్డుకు ఆరు రూపాయల పైచిలుకు. ముసలమ్మకు మనమిచ్చునది ఏడు. అనగా ఆమె శ్రమకు గుడ్డుకు రూపాయికూడ మిగులుట లేదు.

గూడు తెరచుట, ఊడ్చుట, నీరు పెట్టుట, గుడ్లు వెదకుట, చీకటిపడగనే లెక్కపెట్టి మూయుట — దినమునకు అరగంట పని. ఏడాదికి 180 గంటలు. గంటకు 30 రూపాయలు కట్టినను 5,400 అగును. ఇది ఇంటి ఆడువారి పని గనుక ఎవరును కట్టరు. అయితే న్యాయముగ ఇంకొకటి చెప్పవలెను. ఆ శ్రమ గుడ్ల కొరకే కాదు. పండుగకు అమ్ముడుపోవు పుంజుల కొరకును గదా! కాబట్టి సగము కూలిని మాంసమునకు వదలివేసి, సగమును మాత్రమే గుడ్లమీద వేసితిమి. 2,500, 300, 2,700 కలిసి 5,500. దానిని 450 గుడ్లకు పంచినచో ఒక్కొక్క దానికి 12 రూపాయల పైన పడినది. ఇందులో లాభము లేదు. నూకల ధర, కూలి ధర ఊరికొక తీరుగ ఉండును గనుక ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. లెక్క తీరు మాత్రము ఇదే.

వేరొక లెక్క కూడ కలదు. అది పల్లెలలో చదువురాని అమ్మలకు మనకంటె బాగుగ తెలియును. గుడ్డును అమ్మనక్కరలేదు, పొదిగించవచ్చును. పన్నెండు గుడ్లు వేసినచో ఇరువదియొకటవ దినమునకు తొమ్మిది పిల్లలు లేచినవనుకొందము. గద్ద, పిల్లి, ముంగిస తమ వాటా తీసికొనగా నాలుగు పెరిగి పెద్దవైనను, వాని వెల పన్నెండు గుడ్ల వెలకు అనేక రెట్లుండును. నాటుగుడ్డు అంగడిలో అరుదగుటకు ఇదియే ముఖ్యకారణము. చల్లని దినములలో గుడ్డు అమ్ముమని అడుగువాడు, తెలియకయే, ఒక కోడిపిల్లను అడుగుచున్నాడు. కార్తీకమాసములో అనేక గృహములలో గుడ్డు ముట్టరు, గిరాకి పడిపోవును. ఆ మాసములో చవుకగ అమ్ముకొనుటకంటె పెట్టను పొదుగ వేయుట మేలు.

ఎండకాలము సంగతి వేరు. పుంజు తిరుగు మందలోని గుడ్డు జీవమున్న గుడ్డు. వేడికి దానిలో పిండము కదలనారంభించి త్వరగ చెడును. ఒక వైశాఖమాసమున మేము రెండు వారములపాటు కూడబెట్టిన ఇరువది గుడ్లను ఒక అంగడివానికిచ్చితిమి. మూడవనాడు పదునొకండు తిరిగివచ్చినవి, వాసనతో. అతడు మర్యాదస్థుడు గనుక ఏమియు అనలేదు. మరల మాత్రము అడుగలేదు. తప్పు మాదే. వేసవిలో మూడు నాలుగు దినములకొకసారి అమ్మివేయవలెను, ధర కొంత తగ్గినను సరే. తడిబట్ట కప్పిన కుండలో పెట్టుట కొంత మేలు.

వ్యాధిని కూడ ధరలో లెక్కించవలెను. కొక్కెర తెగులు వచ్చినచో వారములో గూడు ఖాళీయగును. టీకామందు ఒక సీసా నూరు కోళ్ళకు సరిపోవును. ఒక్క ఇంటికి అది వృథా. వీధివారందరు ఒకేనాడు వేయించుకొన్నచో ఖర్చు పైసలలోనికి దిగును.

ఇక కొనువారితో ఒక మాట. పెంకు ఎరుపుగనున్నంత మాత్రమున అది నాటుగుడ్డు కానేరదు. పెంకు రంగు జాతినిబట్టి వచ్చును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకు రూపొందించిన గ్రామప్రియ కోడి గోధుమరంగు గుడ్లు పెట్టును. అది నాటుకోడికి రెట్టింపునకు మించియే పెట్టును. దాని గుడ్డుకు నాటుగుడ్డు ధర అడుగుట సరికాదు. సొన పసుపు ముదురుగనుండుట పచ్చిగడ్డి, ఆకులు తిన్నందువలన. అమ్ముకొనువారును “దీనిలో బలము పదిరెట్లు” అని చెప్పకుందురుగాక. మాంసకృత్తులలో రెండు గుడ్లకును చెప్పుకొనదగిన భేదము లేదు. రుచి బాగున్నదనవచ్చును, ఏ పెరటిదో ఏనాటిదో చెప్పవచ్చును. గుడ్డుమీద పెన్సిలుతో తేదీ వేసినచో మా అనుభవములో కొనువారు బేరము తగ్గించిరి.

ఈ కాలెండరు లెక్కను ఒకనాడు ముసలమ్మకు చదివి వినిపించితిమి. అంతయు విని, “నా కూలి కూడా లెక్కేశారా బాబూ!” అని నవ్వెను. ఆ మరుసటి వారము మా గుమ్మములో నిలబడి మొదటిసారి తానే ధర చెప్పెను, పన్నెండు రూపాయలని. మా వీధిలో రెండిళ్ళవారు కొనుట మానిరి. నాలుగిళ్ళవారు కొనుచున్నారు. కార్తీకము రాగానే ఆమె గంప పట్టుకొని రాలేదు. రెండు పెట్టలను పొదుగ వేసినదని తరువాత తెలిసినది.