పట్టుపురుగు వైరస్, మనిషి గుండె



ముందు వరుసల్లో పట్టు రైతులు, వెనుక బయోటెక్నాలజీ విద్యార్థులు కూర్చున్న ఇలాంటి సభ చౌడేపల్లెలోనే సాధ్యం. మీ ఉభయులకూ పనికొచ్చే వైరస్ ఒకటుంది. ఈ అధ్యక్షోపన్యాసం దాని గురించే.

నాలుగో జ్వరం (చర్మం విడిచే దశ) దాటింది, ఇక గూడు కట్టే చంద్రికలకెక్కడమే తరువాయి అనుకున్న పురుగు ఉన్నట్టుండి ఆకు ముట్టదు. ఒంటి కణుపులు ఉబ్బుతాయి, చర్మం నిగనిగలాడుతుంది, తట్ట అంచు పట్టుకుని తిరుగుతుంది. వేలు తగిలితే చాలు, చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. ఈ జబ్బు పేరు గ్రాసరీ. ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే పలకలు దేరిన స్ఫటికాలు మెరుస్తాయి. వాటిలో దాగినది బాక్యులోవైరస్.

స్ఫటికాన్ని కట్టే ప్రోటీన్‌ను ఈ వైరస్ గుట్టలుగా తయారుచేస్తుంది. ప్రయోగశాల కణాల్లో అది లేకున్నా వైరస్‌కు లోటు లేదు. కాబట్టి ఆ జన్యువు తీసి మనకు కావలసినది పెట్టవచ్చు. 1983లో టెక్సాస్‌లో మ్యాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ ఈ దారి చూపారు. 1985లో సుసుము మయెదా బృందం పట్టుపురుగు వైరస్‌తోనే పురుగు ఒంట్లో మానవ ఇంటర్‌ఫెరాన్ తయారుచేయించింది.

ఈ కుటుంబపు వైరస్ మనిషి కాలేయ కణాల్లోకీ జన్యువును చేరవేస్తుందని 1995లో తేలింది. అక్కడ అది పెరగలేదు. కానీ మానవ కణం గుర్తించే ప్రమోటర్ (జన్యువును పనిలోకి దించే డీఎన్ఏ భాగం) తగిలిస్తే, మోసుకొచ్చిన జన్యువు పనిచేస్తుంది. ఈ పద్ధతికి బాక్‌మ్యామ్ అని పేరు.

దీనితో గుండెకు పనేమిటి? కణపు పొరలో సోడియం, పొటాషియం అయాన్లకు దారినిచ్చే ప్రోటీన్లు అయాన్ ఛానళ్లు. గుండె లయను కాసే హెర్గ్ అనే పొటాషియం ఛానల్‌ను ఏ మందైనా మూసేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అలర్జీ మందు టెర్ఫెనడిన్‌కు 1998లో అమెరికా మార్కెట్‌లో చోటు పోయింది ఇందుకే. అందుకే కొత్త మందులను ఈ ఛానల్ మీద పరీక్షిస్తారు. ఛానల్‌ను నిరంతరం తయారుచేసే కణాలను పెంచాలంటే నెలలు పడుతుంది, పైగా కొన్ని ఛానళ్లు ఎప్పుడూ ఉంటే కణానికే చేటు. బాక్‌మ్యామ్ వైరస్ అయితే ఒకటి రెండు రోజుల్లో పని ముగిస్తుంది. మోతాదు మార్చి ఛానళ్ల సంఖ్యను సర్దుకోవచ్చు. జన్యువులను మోయడానికి వాడే మరో చిన్న వైరస్ ఏఏవీ సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలనే మోయగలదు, గుండె సోడియం ఛానల్ జన్యువులో ప్రోటీన్‌ను రాసే భాగమే దాదాపు 6,000. లక్షా ముప్పై వేల అక్షరాల బాక్యులోవైరస్‌కు ఆ ఇబ్బంది లేదు. అయితే మన రక్తంలోని రక్షణ వ్యవస్థ దీన్ని త్వరగా చంపేస్తుంది. అందుకే దీని రాజ్యం ప్రయోగశాల పళ్లెంలోనే.

ఇక మళ్లీ పట్టుపురుగు సంగతికి వస్తే, హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధనా కేంద్రంలో జె. నాగరాజు బృందం హిందూపురం పట్టు పరిశోధనా సంస్థతో కలిసి, వైరస్ జన్యువులను నోరెత్తనివ్వని పట్టుపురుగులను తయారుచేసింది. ఆ ఫలితం 2013లో అచ్చయింది, నాగరాజు గారు అప్పటికే కన్నుమూశారు. ఒక వైరస్ నోరు నొక్కాలన్నా, దానిచేత పని చేయించాలన్నా ముందు దాన్ని ఎరిగి ఉండాలి. ఆ ఎరుక మన షెడ్లలో ఉంది.

కనుక మధ్యాహ్నం సమావేశంలో ముందు రైతులు మాట్లాడతారు. ఏ కాలంలో, ఏ జ్వరం తర్వాత పురుగు జబ్బు పడుతుందో, సున్నం, బ్లీచింగ్ ఎంతవరకు ఆపాయో చెప్పండి. విద్యార్థులు పుస్తకాలు తీసి రాసుకోండి.