ఒకటి తర్వాత రెండు రావాలి
(ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది జమా, ఖర్చు. అలాంటివాడు గేర్ల గురించి మాట్లాడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

మా మనవడు తొమ్మిదో తరగతి. హైదరాబాదులో ఉన్న మేనత్త తన పిల్లలు ఆడి వదిలేసిన లెగో ముక్కలు ఒక సంచెడు వాడికి పంపింది. ఇది డెన్మార్కు కంపెనీ. ఇప్పుడు మనం చూసే ఇటుక ముక్కకు 1958లో పేటెంటు తీసుకున్నారు. చక్రాలు, ఇరుసులు, గేర్లు ఉండే టెక్నిక్ రకం 1977లో మొదలైంది. 1994లోనే నాలుగు గేర్ల కారు బొమ్మ చేశారు. 2016లో వచ్చిన పోర్షే బొమ్మలో స్టీరింగు వెనక ఉన్న మీట నొక్కితే గేరు మారుతుంది. ఆ బొమ్మ కొనడం మనవల్ల కాదు. అందుకని మావాడు అలాంటి గేరుపెట్టెను ఉన్న ముక్కలతోనే కట్టాలనుకున్నాడు.

మన సింధనూరు క్యాంపుల్లో ట్రాక్టరు తోలని ఇల్లు తక్కువ. ట్రాక్టరు గేరు కడ్డీని ఏ గాడిలోకి కావాలంటే ఆ గాడిలోకి వేస్తాం. మోటారుసైకిలుకు అలా కుదరదు. ఒక తన్నుకు ఒక మెట్టే, ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. మీట మాత్రం స్ప్రింగు వల్ల మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. మనవణ్ణి మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, విప్పి ఉన్న ఒక హీరో హోండా ఇంజను చూపించాడు. లోపల గాళ్ళు కోసిన ఒక చిన్న డ్రమ్ము ఉంది. తన్నిన ప్రతిసారీ అది కొంచెం తిరుగుతుంది. గాళ్ళలో కూర్చున్న ఫోర్కులు అటూ ఇటూ జరిగి గేర్లను కలుపుతాయి, విడదీస్తాయి. మనవాడికి కావలసింది అదే.

ఇక్కడ నా లెక్క పనికొచ్చింది. లెగో బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. రెండు గేర్ల పళ్ళు కూడి సగం చేస్తే, వాటి ఇరుసుల మధ్య ఉండవలసిన దూరం మిల్లీమీటర్లలో వస్తుంది. 8, 24 కూడితే 32. 12, 20 కూడినా 32. 16, 16 కూడినా 32. సగం 16, అంటే సరిగ్గా రెండు బొడిపెలు. ఏ జత తీసుకున్నా అదే చోట పట్టేస్తుంది. రెండు వైపులా టాలీ అయిన లెడ్జరు చూసినంత సంతోషం వేసింది నాకు.

గేర్లు ఇరుసు మీద వదులుగా తిరుగుతుంటాయి. వాటి మధ్య ఇరుసుతో పాటు తిరిగే ఉంగరం ఒకటుంటుంది. దాన్ని ఎడమకు జరిపితే ఒక గేరును పట్టుకుంటుంది, కుడికి జరిపితే రెండోదాన్ని, మధ్యలో ఉంచితే దేన్నీ పట్టుకోదు. నాలుగు వేగాలకు రెండు ఉంగరాలు కావాలి. రెండూ ఒకేసారి పట్టుకుంటే మొత్తం బిగుసుకుపోతుంది, ఒకే చెక్కుకు రెండుసార్లు డబ్బు ఇచ్చినట్టు. అందుకని మీట నొక్కిన ప్రతిసారీ పావు చుట్టు తిరిగే కడ్డీ పెట్టి, ఒక ఉంగరం పట్టుకున్నప్పుడు రెండోది మధ్యలో ఉండేలా అమర్చాడు. మీట వెనక్కి రావడానికి రబ్బరు బ్యాండు కట్టాడు. మధ్య ఇరుసుల సంగతి వదిలేస్తున్నాను, చెబితే పొద్దుపోతుంది.

పని చేసింది. కానీ వాడికి ఏదో తేడాగా ఉంది. నేను చక్రానికి కాగితం ముక్క అంటించి, పిడిని 15 చుట్లు తిప్పమని, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో రాసుకున్నాను. మొదటి నొక్కుకు 5. రెండో నొక్కుకు 15. మూడోదానికి 9. నాలుగోదానికి 25. ఒకటి తర్వాత మూడు వచ్చి, ఆ తర్వాత రెండు వస్తోంది. ఎక్కడో పోస్టింగు తప్పిందని నాకు తెలిసింది, ఎక్కడో తెలియలేదు. మూడు రోజులు విప్పారు, కట్టారు, నేను కూడా కూర్చున్నాను.

నాలుగో రోజు రాత్రి మా అబ్బాయి ఎరువుల కొట్టు లెక్కలు ముగించుకుని వచ్చాడు. అన్నానికి కూర్చోబోతూ ఆ పెట్టెను చేతిలోకి తీసుకుని, రెండుసార్లు నొక్కి చూశాడు. "ఒకటీ రెండూ ఒకే ఉంగరానికి అటూ ఇటూ పెట్టావురా. కడ్డీ ఒకసారి దీన్ని జరిపితే, మరుసటిసారి దాన్ని జరుపుతుంది. ఒకటీ మూడూ దీనికి పెట్టు, రెండూ నాలుగూ దానికి పెట్టు" అన్నాడు. అలాగే మార్చి పెట్టి మళ్ళీ లెక్క రాశాను. 5, 9, 15, 25.

మనవడు ఎగిరి గంతేశాడు. నేను మాత్రం లేచి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను.

2001లో మా అబ్బాయి ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేస్తానని దరఖాస్తు తెచ్చి, నింపి, సంతకం కోసం నా బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని సొరుగులో పడేసి కామర్స్‌లో చేర్పించాను. గడువు దాటాక అడిగితే "మర్చిపోయాను" అన్నాను. మర్చిపోలేదు. నూనె చేతుల పని నా కొడుక్కి ఎందుకు అనుకున్నాను, నిజం అది. బ్యాంకులో ఉద్యోగం వస్తుందనుకున్నాను, రాలేదు. వాడు ఈరోజు వరకు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రి కూడా "నాన్నా, అన్నం చల్లారిపోతోంది, రండి" అని పిలిచాడు, అంతే.

ఈసారి ట్రస్టుకు వచ్చిన దరఖాస్తులు సరిచూసే పని నాకిచ్చారు. మూడింటిలో కోర్సు పేరు కొట్టేసి, వేరే చేతిరాతతో మరొకటి రాసి ఉంది. ఆ ముగ్గురి తండ్రులూ ఈ సభలో ఉన్నారు. పేర్లు చెప్పను. భోజనాల దగ్గర నన్ను కలవండి. కూర్చుని మాట్లాడుకుందాం.

గేరుపెట్టె వెనక బల్ల మీద ఉంది. పిల్లలూ, నొక్కి చూడండి. నాలుగో గేరు తర్వాత ఇంకోసారి నొక్కితే అది తిన్నగా ఒకటికి పడిపోతుంది. నిజం బండి అయితే ఇంజను ఏమవుతుందో మీరే ఊహించుకోండి. దానికి అడ్డు ఎక్కడ పెట్టాలో తండ్రీకొడుకులిద్దరికీ ఇంకా అంతుపట్టలేదు. మీకెవరికైనా తోస్తే మావాడికి చెప్పండి, ఆ బల్ల దగ్గరే ఉంటాడు.