మొక్కల మందులు – కాన్సరు మూలకణాలు



మైలాపూరు కచేరీ రోడ్డులోని నాటుమందుల అంగళ్ళలో పసుపుకొమ్ములు, అతిమధురం, తిప్పతీగ కొనే తెలుగు కుటుంబాలు నేటికీ అనేకం. మొక్కలో మందున్నదన్న ఆ నమ్మకాన్ని శాస్త్రం తోసిపుచ్చలేదు. పెరటి బిళ్ళగన్నేరు ఆకుల నుండి 1950ల చివర కెనడా శాస్త్రజ్ఞులు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. అదే మొక్క ఇచ్చిన విన్‌క్రిస్టిన్ ఈనాటికీ పిల్లల రక్తకాన్సరుకు ముఖ్యమైన మందు.

అయినా, కరిగిన గడ్డ కొందరిలో మరల ఎందుకు తలెత్తుతుంది? గరికను పైపైన కోస్తే వేరు నుండి మరల చిగురిస్తుంది. ఒక రకం రక్తకాన్సరును తిరిగి పుట్టించగల శక్తి అతికొద్ది కణాలకే ఉన్నదని 1994లో టొరంటోలోని జాన్ డిక్ బృందం ఎలుకలలో చూపింది. 2003లో రొమ్ము కాన్సరులోనూ ఇట్టి కణాలు కనబడ్డాయి. వీటినే కాన్సరు మూలకణాలంటారు. కీమోథెరపీ ప్రధానంగా వేగంగా విభజన చెందే కణాలను చంపుతుంది. మూలకణాలలో కొన్ని నిద్రాణంగా ఉండి తప్పించుకుంటాయి.

వీటిని పోషించే సంకేతాలను ఆపగల పదార్థాలు మొక్కలలోనూ దొరికాయి. అమెరికాలో ఒక కొండమొక్కను మేసిన గొర్రెలకు ఒంటికంటి పిల్లలు పుట్టగా, కారణం వెదకినవారికి సైక్లోపమైన్ లభించింది. అది అడ్డుకునే ‘హెడ్జ్‌హాగ్’ సంకేతం కొన్ని కాన్సరు మూలకణాలకు ఆధారం. అదే మార్గాన్ని మూసే విస్మోడెగిబ్ అనే మందుకు 2012లో అమెరికా ఒక చర్మకాన్సరు చికిత్సకై అనుమతినిచ్చింది. పసుపులోని కర్‌క్యుమిన్ కూడ ప్రయోగశాలలో ఈ కణాలను బలహీనపరిచింది; కాని తిన్న పసుపు నుండి అది రక్తంలోకి చేరేది బహుస్వల్పం.

కనుక గాజుపాత్రలో గెలిచినది రోగి దేహంలోనూ గెలుస్తుందని భావించరాదు. బిళ్ళగన్నేరు ఆకును నమిలితే విషం. శుద్ధిచేసి, కొలిచి, వైద్యులు సిరలోకి ఎక్కించినప్పుడే దాని సారం మందు. కొన్ని కషాయాలు కీమోథెరపీ మందుల పనిని చెడగొట్టగలవు. వాటిని నమ్మి చికిత్స వాయిదా వేస్తే, నయంకాదగిన వ్యాధి ముదురుతుంది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, ఇక్కడి ఆయుర్వేద కళాశాలలోనే బోధించి, పిమ్మట అమెరికాలో మెథోట్రెక్సేట్‌కు బాట వేశారు. ఆ మందు పరీక్షలకు నిలిచిన పిదపనే రోగులకు ఆధారమైనది. ఏ ఆకుకైనా అదే న్యాయం.

ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో వెలసిన అడయారు కాన్సరు సంస్థ మైలాపూరుకు సమీపంలోనే ఉన్నది. చికిత్సకు ఎక్కడికి వెళ్ళినా, ఇంట వాడే ప్రతి కషాయాన్నీ, చూర్ణాన్నీ వైద్యునికి దాచక చెప్పవలెను.