ప్రేగువ్యాధియు, చిట్టెలుకల సాక్ష్యమును
(సంఘ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మేము మెట్రిక్యులేషను వరకే చదివిన వర్తకులము. వైద్యమును గూర్చి మాటలాడ మాకేమి అర్హత యని మీరనవచ్చును. కాని చిక్కపేటలో మా అంగడికి వచ్చు మనవారియందు ఒక పొరపాటు తరచు చూచుచున్నాము. నెత్తురు విరేచనములైనచో "మొలలు" అనియో, "వేడిచేసినది" అనియో ఊరకుందురు. మా బంధువొకరు రెండేండ్లు లేపనములతో గడపిరి. తుదకు గొట్టముతో పరీక్షింపగా పెద్దప్రేగు నిండ పుండ్లు! శరీరమును కాపాడవలసిన బలమే ప్రేగుపై తిరుగబడు అల్సరేటివ్ కొలైటిస్ అని తేలినది.

ఈ విషయమున మన ఆడపడుచొకరి కృషి వినదగినది. కొత్తగూడెమునుండి వెడలి, ఉస్మానియాలో డాక్టరేటు పొందిన కన్నెగంటి తిరుమలాదేవిగారు అమెరికాలో మెంఫిస్ నగరమందలి సెంట్ జూడ్ ఆసుపత్రిలో పరిశోధకులు. 2010లో వారి బృందము ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అను మాంసకృత్తు లేని చిట్టెలుకలకు, ప్రేగును పుండుపరచు రసాయనమును నీటిలో కలిపి త్రాగించిరి. మామూలు చిట్టెలుకలకంటె అవి ఎక్కువగా మరణించినవి. ఆ మాంసకృత్తున్నచో ఇంటర్‌ల్యూకిన్-18 అను మరియొకటి తయారై ప్రేగుపొరను నిలుపునట. లేనిచో గోడ బీటలువారి, లోని సూక్ష్మజీవులు ఒంటిలోనికి చొచ్చును. కొట్టుగోడకు కన్నము పడిన ఏమగునో ధాన్యము అమ్మువారికి వేరుగా చెప్పవలెనా! ఎలుకజాతిని మేమింత గౌరవముతో తలచుట ఇదే ప్రథమము.

అయితే అదే 2010లో జర్మనీ పరిశోధకులు ఇటువంటి ప్రయోగమే చేసి, ఆ మాంసకృత్తు లేని చిట్టెలుకలకే వ్యాధి తక్కువయని ప్రకటించిరి. బేరములో ఇద్దరు తూచిన తూకములు కలియనపుడు సరకు ఎత్తుటకు తొందరపడము గదా.

ఇంకొకటి. 2000లో బెల్జియమువారు ఇంటర్‌ల్యూకిన్-10 అను మాంసకృత్తును స్రవించునట్లు మార్చిన పాలసూక్ష్మజీవిని చిట్టెలుకలకు పెట్టగా వ్యాధి సగము తగ్గినది. మనుష్యులకు ఆ మాంసకృత్తునే సూదిమందుగా ఇచ్చినపుడు అంతటి ఫలము కానరాలేదు. అట్లని అన్నియు వ్యర్థములు కావు. క్రోన్స్ వ్యాధికి 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ మాంసకృత్తే. అందు కొంతభాగము చిట్టెలుకనుండి గ్రహించినదే.

ఈ పాలసూక్ష్మజీవి మాట విని ఒక మిత్రులు, మాత్రలు మాని పెరుగుతో సరిపెట్టుకొందునా యని మమ్మడిగిరి. వలదంటిమి. మన పెరుగు వేరు, అది వేరు. మాత్ర మానుట వైద్యులు చెప్పవలసిన మాట.

నెత్తురు పడుచున్నవారు సిగ్గుపడక సంఘ కార్యాలయమునకు రండు. కన్నడము రానివారికి వైద్యునితో మాటలాడుటకు ఒక మనిషిని ఆసుపత్రికి తోడు పంపెదము.