తెల్లవారాక వచ్చే భయం

మన దయ్యాల కథల్లో కోడికూత ఒక హద్దు. ఎంతటి పిశాచమైనా అది వినగానే వెనక్కి తగ్గాల్సిందే. అమెరికా భయానక చిత్రాలు కూడా చాలావరకు ఈ నమ్మకం మీదే నడిచాయి: రాత్రి గట్టెక్కితే చాలు, వెలుగో పోలీసులో వచ్చి కాపాడతారు. జాతివివక్షను తాకిన మంచి భయానక చిత్రాలు ఈ నమ్మకాన్నే ప్రశ్నించాయని ఈ స్మారకోపన్యాసంలో నేను చెప్పదలచుకున్నాను. కాపాడే చెయ్యి అందరినీ ఒకేలా కాపాడదు.

జార్జ్ రొమెరో కొద్దిపాటి డబ్బుతో పెన్సిల్వేనియాలో తీసిన 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చూడండి. బెన్ అనే నల్లజాతి యువకుడు తలుపులకు చెక్కలు కొట్టి, లేచి తిరిగే శవాలతో రాత్రంతా పోరాడతాడు. ఆ ఇంట్లో తెల్లవారేదాకా ప్రాణాలతో మిగిలేది అతనొక్కడే. పొద్దున్నే తుపాకులతో గాలింపుకు వచ్చిన తెల్లవాళ్ళ గుంపు అతన్నీ శవమనుకుని కాల్చేస్తుంది. ఆపైన కదలిక ఆగిపోయి, గరుకు ఫొటోలు ఒకటొకటిగా వస్తాయి: కొక్కేలు పట్టిన చేతులు, బెన్ దేహం, చితి. మూకలు నల్లవారిని చంపి, పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు పోస్టుకార్డులుగా అమ్ముడైన దేశమది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అక్టోబరులో ఈ చిత్రం విడుదలైంది.

రొమెరో జాతి గురించి తీయలేదు కదా అని ఒక ఆక్షేపణ. నిజమే, పాత్రకు వచ్చినవారిలో డ్యువేన్ జోన్స్ అందరికన్నా బాగా చేశాడు కాబట్టే తీసుకున్నానని ఆయన చెప్పాడు. ఎవరూ తలపెట్టకుండానే ఆ తూటాకు అంత అర్థం వచ్చిందంటే, అది చూసేవాళ్ళ బతుకుల్లో అప్పటికే ఉందన్నమాట.

జోర్డాన్ పీల్ 2017 నాటి 'గెట్ అవుట్'ను మాత్రం తెలిసే తీశాడు. ఇక్కడి పిశాచాలు మర్యాదస్తులు. తెల్లజాతి ప్రియురాలి ఇంటికి వచ్చిన నల్లజాతి యువకుడు క్రిస్‌తో, ఒబామాకు మూడోసారి కూడా ఓటు వేసేవాడినని ఇంటిపెద్ద అంటాడు. అతిథులు క్రిస్ ఒంటిబలాన్ని మెచ్చుకుంటూనే అతన్ని వేలంలో పాడుకుంటారు. చివరికి క్రిస్ తప్పించుకుని, నెత్తురోడుతున్న ప్రియురాలి పక్కన ఉండగా ఎరుపు, నీలం దీపాలు మీద పడతాయి. అతను చేతులెత్తుతాడు. ఇంకో చిత్రంలోనైతే ఆ దీపాలు ఊరట. ఇక్కడ అవే అన్నిటికన్నా భయంకరం.

పరుల బాధను వినోదంగా అమ్ముతున్నారన్న విమర్శ బరువైనది. నల్లవారి దేహాన్ని హింసించి చూపడమే పనిగా పెట్టుకున్న చిత్రాలను నేను సమర్థించను. కానీ ఇదే బాధను చెప్పే కోర్టు కథలో మనకు న్యాయమూర్తి పక్కన కుర్చీ దొరుకుతుంది. అక్కడ కూర్చుని జాలిపడతాం. ఈ చిత్రాల్లో ఆ కుర్చీ లేదు, చేతులెత్తినవాడి గుండెదడే మనల్నీ పట్టుకుంటుంది.

పీల్ మొదట తీసిన ముగింపులో వచ్చింది పోలీసులే, క్రిస్ జైలుపాలవుతాడు. ప్రేక్షకులకు ఊరట కావాలనిపించి ఆయన దాన్ని మార్చాడు. ఇప్పుడు కారు తలుపు మీద 'ఎయిర్‌పోర్ట్' అన్న అక్షరాలు కనిపిస్తాయి, లోంచి స్నేహితుడు రాడ్ దిగుతాడు. ఆ తలుపు తెరుచుకునే లోపు గడిచే కొన్ని క్షణాల్లో, మొదటి ముగింపు సంగతి తెలియనివాళ్ళు కూడా దాన్నే ఊహించుకుంటారు.